సర్వర్‌కి కునుకు అక్కర్లేదు

మంచి కబురు వచ్చినప్పుడు నేను సర్వర్ గదిలో నేలమీద బాసింపట్టు వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మా ఆయన గొంతు వింటున్నాను. పనివేళలో మొగుడి గొంతు వింటూ కూర్చున్నందుకు జీతం ఇచ్చే ఆఫీసు భూమ్మీద ఇదొక్కటే అయి ఉంటుంది.

మాది వినే పుస్తకాల సంస్థ. చూపు లేనివాళ్ళు, చూపు మందగించినవాళ్ళు, ఆసుపత్రి మంచాల మీద ఉన్నవాళ్ళు, స్టీరింగు వదలడానికి వీల్లేని లారీ డ్రైవర్లు, వీళ్ళందరి కోసం పుస్తకాలు చదివి, రికార్డు చేసి, సర్వర్‌లో పెడతాం. వాళ్ళు ఫోన్లో ఒక మీట నొక్కితే పుస్తకం మొదలవుతుంది. మా ఆయన చదువుతాడు. నేను సర్వర్ చూసుకుంటాను. మా పెళ్ళికి ఇంకా కొత్త వాసన పోలేదు. పొద్దున్నే గుమ్మం దగ్గర మా ఇద్దరి చెప్పులూ పక్కపక్కన కనిపిస్తే చాలు, నాకు నవ్వొస్తుంది. ఒకే డబ్బాలోంచి ఇద్దరం టీ పొడి వేసుకోవడం కూడా నాకు గొప్ప విషయంలాగే ఉంది.

తలుపు తోసుకుని ఫోన్ అక్క వచ్చింది. శ్రోతల ఫోన్లన్నీ ఎత్తేది ఆవిడే. నా చెవి మీంచి హెడ్‌ఫోన్ లాగేసి, "మీ ఆయన్ని తర్వాత విందువుగానీ, లే. ఆ రచయిత్రి ఒప్పుకుంది," అంది.

నేను లేచి నిలబడ్డాను. ఆ రచయిత్రి ఎవరికీ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఆవిడ కొత్త నవల ఇంకా అచ్చు కాలేదు. అచ్చయ్యేలోపు మా శ్రోతలకి ఒక్క రోజులో, మొదటినుంచి చివరిదాకా నేరుగా చదివి వినిపిస్తామని మా వాళ్ళు ఎప్పటినుంచో బతిమాలుతున్నారు. రికార్డు చేసి కాదు, తప్పులు కత్తిరించి కాదు, నేరుగా. మా ఆయన ఆ మాట ఎత్తితే చాలు, చిన్నపిల్లాడైపోతాడు. ఇన్నాళ్ళూ అద్దాల గదిలో ఒంటరిగా చదివాడు. తను చదువుతున్న క్షణానే అవతల ఒకరు వింటున్నారని తెలిసి చదవడం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఉందని నాతో ఎన్నిసార్లు అన్నాడో.

చదివేది రేపే అట. ఎల్లుండి ఆవిడ ఊళ్ళో ఉండదు, తనూ కూర్చుని వింటానంది. ఒక్కటే షరతు పెట్టింది. మొదలుపెట్టాక మధ్యలో ఆగకూడదు. ఆగితే అక్కడితో సరి, మిగతాది ఇక వినిపించనివ్వదు.

ఫోన్ అక్క ఆ షరతు చెబుతూనే నా మొహంలోకి చూసింది. నేనూ ఆవిడ మొహంలోకి చూశాను. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది, మధ్యాహ్నం కునుకు.

మా ఆఫీసులో రోజూ మధ్యాహ్నం అన్నాల వేళకి సర్వర్‌ని ఆపి మళ్ళీ మొదలుపెడతారు. దానికి కునుకు అని పేరు. నేను ఈ ఉద్యోగంలో చేరకముందు నుంచే ఉంది. పక్క వీధిలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టున్న బాబాయిగారు సరిగ్గా ఆ వేళకి వస్తారు, తెర మీద ఏవో అంకెలు చూస్తారు, నాలుక చప్పరిస్తారు, సర్వర్‌ని పడుకోబెడతారు. అది లేచేసరికి అందరి అన్నాలూ అయిపోతాయి. ఈ సంస్థ నడిపేది మా అత్తయ్య. బాబాయిగారు ఆవిడకి సొంత తమ్ముడు. మా ఆయనకి మేనమామ, నాకేమో వరసకి బాబాయి. ఇంటిల్లిపాదికీ కంప్యూటర్ విషయంలో ఆయన మాటే వేదం.

ఆ వేళకి పుస్తకం మధ్యలో ఉన్నవాళ్ళకి పుస్తకం టక్కున ఆగిపోతుంది. సర్వర్ లేచాక కూడా మొదట్లో అన్నీ నత్తనడకే. ఒక కుట్టుపని చేసే పెద్దావిడ, ఇప్పుడు చూపు పోయి మిషను కొడుక్కి అప్పగించిందట, రోజూ ఫోన్ చేసి తిట్టేది. "నేను అన్నం ముందు కూర్చోగానే మీ కథలో మనుషులు మూగవాళ్ళైపోతారేమిటే," అని.

చేరిన కొత్తలో నేను ఒకసారి మెల్లగా అన్నాను, ఈ కునుకు అక్కర్లేదేమో అని. బాబాయిగారు నవ్వి, చదువుకున్న పిల్లలు ఇలాగే అంటారులే అన్నారు. నేను ఊరుకున్నాను. ఇప్పుడు కోడలినయ్యాను కాబట్టి ఇంకా ఊరుకుంటానని అందరూ అనుకున్నట్టున్నారు. అదేమిటో, నాకు పెళ్ళయ్యాక ధైర్యం రెట్టింపైంది. ఒక మనిషి నా వైపు ఉన్నాడని తెలిస్తే నోరు తనంతట తనే లేస్తుంది కాబోలు.

అత్తయ్య గదికి వెళ్ళేసరికి మా ఆయన అప్పటికే అక్కడున్నాడు. మొహమంతా వెలిగిపోతోంది. అత్తయ్య మొహం మాత్రం వెలగలేదు. ఆఫీసులో ఆవిడ అత్తయ్య కాదు, మేడం. ఆ నియమం ఆవిడే పెట్టింది, ఇంట్లో వరసలు గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి రమ్మని.

ఆవిడ లెక్క సూటిగా ఉంది. నవల చదవడానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది. మధ్యలో కునుకు తప్పదు. కునుకు తప్పదంటే చదవడం ఆగుతుంది. సగంలో ఆగి పరువు పోగొట్టుకోవడం కంటే, ఇవాళ సాయంత్రంలోపు ఫోన్ చేసి మావల్ల కాదని చెప్పడం మర్యాద.

మా ఆయన తన చేతిలో ఉన్న నవల కాగితాల కట్టని బల్లమీద పెట్టి, అంచులు సమంగా సర్దడం మొదలుపెట్టాడు. సర్దడానికి అందులో ఏమీ లేదు. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

"మేడం, ఇవాళ నేను సర్వర్‌ని ఆపను," అన్నాను.

"ఆపేది నువ్వు కాదు కదా."

"ఆపనివ్వను కూడా."

ఫోన్ అక్క తలుపు దగ్గరే ఆగిపోయింది. అత్తయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను చూసింది. ఆ చూపు ఇంట్లో ఎప్పుడూ చూడలేదు నేను. ఇంట్లో ఆవిడ నా జడ తనే అల్లుతుంది.

సరిగ్గా అప్పుడే బాబాయిగారు చంకలో ఫ్లాస్కుతో దిగారు. విషయం విన్నారు. కోపం తెచ్చుకోలేదు, అదే వచ్చిన చిక్కు. చాలా ప్రేమగా, "అమ్మాయ్, రా, నువ్వే చూద్దువుగాని," అని నన్ను సర్వర్ గదిలోకి తీసుకెళ్ళారు. వెనకాలే అందరూ వచ్చారు. చిన్న గది, ఫ్యాన్ల హోరు, అయిదుగురం. మా ఆయన భుజం నా భుజానికి ఆనుకుని ఉంది. అంత గొడవలోనూ అది నాకు బాగుంది.

బాబాయిగారు కుర్చీలో కూర్చుని free -m అని కొట్టారు. తెర మీద మెమరీ లెక్క ఎంబీల్లో వచ్చింది. ఆయన వేలు వెళ్ళి ఫ్రీ అని ఉన్న గడి మీద ఆగింది. మొత్తం ఎనిమిది జీబీల్లో అక్కడ ఉన్నది నూట నలభై ఎంబీ.

"చూశావా అక్కా," అన్నారు అత్తయ్యతో. "గొంతుదాకా వచ్చింది. ఇంకో గంట వదిలేస్తే ఊపిరాడక చస్తుంది. కునుకు తీసి లేచినప్పుడు ఇదే గడిలో ఎంతుంటుందనుకున్నావ్, బోలెడు."

"బాబాయిగారూ, అదే వరసలో చివరికంటా వెళ్ళండి," అన్నాను.

చివర అవైలబుల్ అని ఇంకో గడి ఉంది. అందులో అయిదు వేల ఎంబీల పైన ఉంది.

అది వట్టి అంచనా అమ్మాయ్ అని కొట్టిపారేశారు ఆయన. పర్సులో ఉన్నదే డబ్బుగానీ ఇస్తామన్నది డబ్బవుతుందా అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఫ్రీ అన్న గడిలో ఉండేది ఎవరూ ముట్టుకోని మెమరీ మాత్రమే. సర్వర్‌కి మెమరీ ఊరికే ఉంచుకోవడం ఇష్టం ఉండదు. ఎవరైనా ఒక పుస్తకం అడిగితే దాన్ని డిస్కులోంచి తెచ్చి వినిపిస్తుంది, వినిపించాక తిరిగి పారెయ్యదు, మళ్ళీ ఎవరైనా అడుగుతారేమోనని దగ్గర పెట్టుకుంటుంది. అదంతా బఫ్/క్యాష్ అనే గడిలో లెక్కవుతుంది. కొత్త పనికి చోటు కావలసి వస్తే ఆ దగ్గర పెట్టుకున్నవాటిని క్షణంలో వదిలేస్తుంది. అలా వదలగలిగినదాన్ని కూడా కలుపుకుని, కొత్తగా వచ్చే పనికి ఎంత ఇవ్వగలదో చెప్పేదే ఆ చివరి గడి.

అత్తయ్యకి అర్థమయ్యేలా చెప్పాలని ఇంకాస్త సాహసం చేశాను. "మేడం, మీ గదిలో బల్ల గుర్తు చేసుకోండి. కత్తెర, గమ్ము, ముద్ర, మందుల డబ్బా, సగం తాగిన టీ, నిన్నటి పేపరు. చెయ్యి పెట్టడానికి చోటు లేదు. మీ బల్ల నిండిపోయిందని మిమ్మల్ని మధ్యాహ్నం ఇంటికి పంపించేస్తామా? ఎవరైనా పెద్ద పార్సిల్ తెస్తే మీరు మోచేత్తో ఒక్క తోపు తోస్తారు, చోటొస్తుంది. మేం రోజూ చేసేది ఏమిటంటే, మీ బల్ల మీదవన్నీ తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసి, బల్ల ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోవడం. తర్వాత కత్తెర కోసం మీరు బీరువా దాకా నడవాలి. అందుకే కునుకు అయ్యాక పుస్తకాలు అంత నెమ్మదిగా మొదలవుతాయి."

మా ఆయన దగ్గాడు, నవ్వు దాచుకోవడానికి. అత్తయ్య బల్ల గురించి ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ నోరెత్తలేదట, తర్వాత చెప్పాడు.

అత్తయ్య మాత్రం నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. "పోలికలు వినడానికి బాగుంటాయి. నువ్వు చెప్పినట్టే అది తోసి చోటిస్తుందని నాకెలా తెలుస్తుంది? రేపు సగం నవల్లో తెలుసుకోనా?" అంది.

ఆవిడ అడిగింది న్యాయమే. నేను కూడా ఆవిడ స్థానంలో ఉంటే అదే అడిగేదాన్ని.

"ఇప్పుడే తెలుసుకుందాం," అన్నాను. "ఇది రద్దీ వేళ. అన్నం తింటూ వినేవాళ్ళంతా ఇప్పుడే ఉంటారు. బరువు నేను ఎత్తను, బాబాయిగారినే ఎత్తమనండి. ఆయనకి ఎంత తోస్తే అంత."

బాబాయిగారి కళ్ళు మెరిశాయి. సవాలంటే ఆయనకీ సరదానే, అక్కడ మాత్రం మేమిద్దరం ఒకే కులం. మా దగ్గర రికార్డింగుల్లో ఫ్యాను చప్పుడు, కుర్చీ కిర్రులు తీసేసే ప్రోగ్రాం ఒకటుంది. పుస్తకం మొత్తాన్ని ఒక్క గుక్కలో మెమరీలోకి మింగితే తప్ప అది పని మొదలెట్టదు. అంత తిండిపోతు మా సర్వర్‌లో ఇంకొకటి లేదు. ఆయన ఒక లావుపాటి పుస్తకం మీద దాన్ని వదిలారు. నేను పక్కన ఇంకో కిటికీ తెరిచి, free -m -s 5 అని పెట్టాను. అలా పెడితే అయిదేసి సెకన్లకోసారి అంకెలు వాటంతట అవే కొత్తగా వస్తాయి.

వాడుతున్న మెమరీ గడి పెరిగింది. బఫ్/క్యాష్ గడి తగ్గింది. ఫ్రీ గడి అక్కడే, నూటయాభైకి అటూ ఇటూ ఊగుతూ ఉండిపోయింది. దాని మొహంలో ఏ మార్పూ లేదు.

"ఇంకోటి," అన్నారు బాబాయిగారు. ఇంకోటి వదిలారు. తర్వాత మరోటి. నేను ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని శ్రోతలకి వెళ్తున్న పుస్తకం వింటున్నాను. మా ఆయన గొంతే, ఒక ముసలి పడవవాడి కథ. ఒక్క అక్షరం తడబడలేదు.

అప్పుడు బయట ఫోన్ మోగింది. ఫోన్ అక్క పరుగెత్తి, మాట్లాడి, వింత మొహంతో తిరిగొచ్చింది. కుట్టుపని పెద్దావిడట. "ఇవాళ ఆగలేదేమిటే, అక్కడ ఏమైనా పాడైందా? అందరూ క్షేమమేనా?" అని అడిగిందట.

అందరం నవ్వాం, అత్తయ్య తప్ప. ఆవిడ తెర మీంచి కళ్ళు తిప్పడంలేదు.

బాబాయిగారు మళ్ళీ ఒకటి వదిలారు, ఈసారి మా దగ్గరున్న పుస్తకాలన్నిటిలోకీ పెద్దది. అవైలబుల్ గడి ఒక్కసారిగా జారింది. వేలల్లోంచి వందల్లోకి వచ్చింది. నేను అంత అనుకోలేదు. ఒక్క క్షణం, గొప్పలు పోయి మా ఆయన రేపటిని నేనే నాశనం చేశానేమో అనిపించింది. ఆయన నా వేళ్ళు పట్టుకున్నాడు, అందరి ముందూ, మేనమామ ముందు, తల్లి ముందు.

బాబాయిగారి వేలు మళ్ళీ మీట మీదికి వెళుతోంది.

"ఇక ఆపండి," అన్నాను. "ఇది హద్దు. ఇక్కడ ఇంకొకటి వేస్తే నిజంగానే పడిపోతుంది. మీరు ఇన్నాళ్ళూ భయపడింది నిజమే బాబాయిగారూ, కాకపోతే భయపడాల్సిన గడి ఇది, అది కాదు. ఫ్రీ గడి ఇందాకటినుంచీ ఒకటే పాట పాడుతోంది. ఈ గడి చూడండి, నాలుగు పనులు మీద పడేదాకా నిబ్బరంగా ఉంది, ఇప్పుడు చెబుతోంది, చాలు అని."

"రేపు ఈ చప్పుడు తీసే పనులుంటాయా?" అని అత్తయ్య అడిగింది.

"ఒక్కటి కూడా ఉండదు. చదవడం, వినడం, అంతే."

పనులు ఒక్కొక్కటే ముగిశాయి. అవైలబుల్ గడి మెల్లగా పైకి లేచి, వేలల్లోకి తిరిగొచ్చింది. నా చెవిలో పడవవాడు ఏటి అవతలి గట్టు చేరుకున్నాడు.

బాబాయిగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన్ని ఓడించానన్న సంబరం నాకు కలగలేదు, ఎందుకంటే తర్వాత ఆయన చెప్పింది విన్నాక అలాంటిది కలగదు. ఒకప్పుడు, నేను చేరడానికి చాలా ముందు, శ్రోతల లెక్క తీసే ప్రోగ్రాం ఒకటి ఉండేదట. అది తీసుకున్న మెమరీ తిరిగి ఇచ్చేది కాదట. పొద్దున్నుంచి ఉబ్బుతూ ఉబ్బుతూ సాయంత్రానికి సర్వర్‌ని కూల్చేసేది. ఎవరికీ కారణం దొరకలేదు. ఈయనే కనిపెట్టి, మధ్యాహ్నం ఒకసారి ఆపి మొదలుపెడితే సాయంత్రం దాకా బతుకుతుందని తేల్చి సంస్థని నిలబెట్టారు. కునుకు అలా పుట్టింది.

నేను పనుల జాబితా తీసి చూపించాను. ఆ ప్రోగ్రాం ఎక్కడా లేదు. కొత్త యంత్రం కొన్నప్పుడే దాన్ని తీసేశారని ఆయనకే గుర్తొచ్చింది. తీసింది కూడా ఆయనేనట.

"జబ్బు తగ్గింది, మందు మాత్రం మానలేదన్నమాట," అన్నాడు మా ఆయన.

"మరి ఇన్నేళ్ళూ రోజూ ఎందుకు ఆపినట్టురా?" అని అత్తయ్య తమ్ముడిని అడిగింది.

ఆయన బదులు ఫోన్ అక్క అందుకుంది, "అన్నం తినడానికి మేడం. సర్వర్ పడుకుంటే తప్ప ఈ ఆఫీసులో ఎవరికీ ఆకలి వెయ్యదు."

అప్పుడు నవ్వింది అత్తయ్య. నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది. బాబాయిగారు కూడా నవ్వారు, కాకపోతే వెంటనే కాదు. నా తలమీద ఒక చిన్న మొట్టికాయ వేసి, "నోరు బాగా ఉందమ్మాయ్," అన్నారు. తిట్టో మెప్పో తెలీలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. అది సొంతమనిషి మొట్టికాయ, అంతవరకు తెలిసింది.

అయినా అత్తయ్య అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. నన్ను గదికి పిలిచి తలుపు వేసింది. రేపు గనక చదవడం ఆగితే శ్రోతలకీ, రచయిత్రికీ క్షమాపణ చెప్పేది సంస్థ కాదు, నేనే, నా గొంతుతో, మైకు ముందు కూర్చుని. ఒప్పుకుంటావా అని అడిగింది. ఒప్పుకుంటానన్నాను. సర్వర్ మీద నమ్మకమా, మా వాడి మీద ప్రేమా అని కూడా అడిగింది. సర్వర్ మీద నమ్మకమే మేడం, ప్రేమ గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచే వచ్చాను అన్నాను. అది పచ్చి అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఆవిడ రచయిత్రికి నా ఎదురుగానే ఫోన్ చేసింది. మధ్యలో ఆగదు, మాటిస్తున్నాను అంది. ఫోన్ పెట్టేసి, తలుపు తీసి, అందరినీ పిలిచి రేపటి ఏర్పాటు చెప్పింది. పొద్దున్న మొదటి అధ్యాయాలు మా ఆయన చదువుతాడు, సాయంత్రం ముగింపూ ఆయనదే. బాబాయిగారు కొట్టు మూసేసి వచ్చి సర్వర్ గదిలో నా పక్కన కూర్చుంటారు, చివరి గడి మీద కన్ను వేస్తారు, జారితే నాకు చెబుతారు, చెయ్యి మాత్రం పెట్టరు. ఫోన్ అక్క ఇవాళే శ్రోతలందరికీ కబురు పంపుతుంది. అన్నాలు వంతులవారీగా.

"మధ్యాహ్నం మరి ఎవరు చదువుతారమ్మా?" అని మా ఆయన అడిగాడు. అంతసేపు ఒక్కడి గొంతూ నిలవదు.

అత్తయ్య బల్లమీదున్న సామానంతా మోచేత్తో ఒక పక్కకి తోసి, ఖాళీ అయిన చోట నవల పెట్టి, నడిమి పేజీలు తెరిచింది. ఈ సంస్థలో మొట్టమొదటి పుస్తకం చదివిన గొంతు ఆవిడదే. ఆవిడ మైకు ముందు కూర్చుని ఏళ్ళయింది.

"రేపు మధ్యాహ్నం నేను చదువుతాను," అంది. "ఇన్నేళ్ళూ మనం ఆపుతూ వచ్చిన ఆ వేళకే. ఎవరాపుతారో చూస్తాను."